ఘాట్ రోడ్డును ఏ బండి కోసం వేశారు?

కొండల మీదుగా సైకిలు యాత్ర చేయాలనుకునే మిత్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒక్కటే: ఆ కనుమ ఎంత ఎత్తు? ఒడిశాలోని రాయగడలో ఉంటూ, సెలవు దొరికినప్పుడల్లా కోరాపుట్, గజపతి జిల్లాల ఘాట్ రోడ్ల మీద సంచులు కట్టుకుని తిరిగే అలవాటు వల్ల నాకు ఆ ప్రశ్న మీద పెద్దగా గౌరవం లేకుండా పోయింది. ఎత్తు తెలిస్తే చలి ఎంత ఉంటుందో తెలుస్తుంది, మరీ ఎత్తయితే ఊపిరి సంగతి తెలుస్తుంది, కాళ్ళ సంగతి మాత్రం తెలియదు. అది తెలియాలంటే ఆ రోడ్డును మొదట ఏ బండిని పైకి ఎక్కించడం కోసం వేశారో కనుక్కోవాలి. లోడు లారీ కోసం వేసిన రోడ్డు ఎంత ఎత్తుకు వెళ్ళినా సైకిలును ఆదరిస్తుంది. జీపు ఎక్కితే చాలుననుకుని వేసిన రోడ్డు రెండు కిలోమీటర్లలోనే మనిషిని దింపేస్తుంది.

దీనికి ఒక లెక్క ఉంది. మనిషి, సైకిలు, సామాను కలిపి 95 కిలోలు అనుకుందాం. నూరు మీటర్లు ముందుకు సాగితే ఐదు మీటర్లు పైకి లేచే వాలు మీద, అంటే 5 శాతం వాలు మీద, గంటకు 7 కిలోమీటర్ల వేగంతో తొక్కడానికి సుమారు 105 వాట్ల శక్తి కావాలి. తరచుగా సైకిలు తొక్కే మామూలు మనిషి అంత శక్తిని మధ్యమధ్య ఆగుతూ ఒక పూటంతా ఇవ్వగలడు. వాలు 10 శాతానికి పెరిగితే అదే వేగానికి 195 వాట్ల దాకా కావాలి, అది పందెగాళ్ళు సాధన చేసి సంపాదించుకునే శక్తి. పోనీ ఆ 105 వాట్లతోనే సరిపెట్టుకుందామంటే వేగం గంటకు నాలుగు కిలోమీటర్ల లోపుకు పడిపోతుంది. ఆ వేగంలో సంచులున్న సైకిలు ముందు చక్రం అటూ ఇటూ తూలుతుంది కాబట్టి దిగి నడిపించుకుపోవడమే మేలు. ఎక్కవలసిన మొత్తం ఎత్తు రెండు దారుల్లోనూ ఒకటే అయినా, ఒకదాని మీద సైకిలు తొక్కుతాం, రెండో దాని మీద తోస్తాం.

మన దేశంలో ఈ వాలును నిర్ణయించేది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు. కొండ ప్రాంతాల్లో వేసే పెద్ద రోడ్లకు మామూలుగా 5 శాతం, అవసరమైన చోట 6, తప్పనిసరైన చిన్న చిన్న ముక్కల్లో 7 శాతం వాలు ఉండవచ్చునని ఆ ప్రమాణాలు చెబుతాయి. బాగా నిటారైన కొండవాలు అయితే ఒక్కో అంకె మీద మరొక శాతం కలుపుకోవచ్చు. నిండా సరుకు ఎత్తిన లారీ రెండో గేరులో ఆగకుండా ఎక్కాలి, దిగేటప్పుడు బ్రేకులు కాలిపోకూడదు అన్నదే అక్కడి ఆలోచన. సైకిలువాడిని తలుచుకుని ఎవరూ ఈ అంకెలు రాయలేదు. అయినా లారీ ఇంజనుకూ మన మోకాలికీ సహించే వాలు ఇంచుమించు ఒకటే కావడం మన అదృష్టం.

ఈ మాటకు మా వైపు మంచి ఉదాహరణ సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ వెళ్ళే రోడ్డు. ఒకప్పుడు 43వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 26వ నంబరు. సాలూరు మైదానం సముద్రమట్టానికి సుమారు 120 మీటర్ల ఎత్తులో ఉంటే, కోరాపుట్ పట్టణం సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. నికరంగా 750 మీటర్లు. ఐదు శాతం వాలుతో అంత ఎత్తు ఎక్కాలంటే ఆగకుండా 15 కిలోమీటర్ల ఎక్కుడు కావాలి. రోడ్డు నిజంగానే అలా తాపీగా, కొండ కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతూ, మధ్యలో కాస్త చదును ఇచ్చి మళ్ళీ ఎత్తుకుంటూ సాగుతుంది. సాలూరు లారీల ఊరు. ఆ ఊరి లారీలు తరతరాలుగా ఎక్కిన ఘాట్ ఇది. తెల్లవారుజామున బయలుదేరితే ఎండ ముదిరేలోపు సుంకి దాటి పొట్టంగి వైపు వెళ్ళిపోవచ్చు. కింద సాలూరులో చొక్కా తడిసిపోయే ఉక్క, పైన పొట్టంగిలో టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకోవాలనిపించే గాలి. నవంబరు, డిసెంబరుల్లో వెళితే సెమిలిగుడ చుట్టుపక్కల వలిసె చేలు పసుపుపచ్చగా విరబూసి ఉంటాయి. అరకు వలిసె పూల ఫొటోలు అందరూ చూశారు. అవే పూలు ఇక్కడ చూసేవాళ్ళు లేక ఒంటరిగా ఉంటాయి. నాకైతే అదే బాగుంటుంది.

లారీలంటే భయపడేవాళ్ళకు ఒక మాట. సుంకి ఘాట్‌లో ఎక్కే లారీ మనకంటే మరీ వేగంగా పోదు. హారను కొట్టి, పక్కకు వచ్చి, చాలాసేపు మనతోనే నడిచి, డ్రైవరు మొహం, క్లీనరు మొహం గుర్తుండిపోయేంత నెమ్మదిగా దాటుతుంది. దిగే లారీ సంగతి వేరు. అది మలుపులో తిరగడానికి రోడ్డంతా కావాలంటుంది. అందువల్ల ఈ ఘాట్‌ను దిగడం కంటే ఎక్కడమే క్షేమమని నా అభిప్రాయం. చాలామంది దీనికి తలకిందులుగా ఆలోచించి, దిగుడు సుఖమని కోరాపుట్ దాకా బస్సులో సైకిలు వేసుకుని వచ్చి సాలూరుకు దిగుతారు. లారీల వెనక, కాలిన బ్రేకుల వాసన పీలుస్తూ దిగడంలో ఏం సుఖమో నాకు బోధపడలేదు.

ఈ ఘాట్‌లోనే ఒకసారి, మలుపును ఎలా ఎక్కాలో నాకు కొండచీపుర్లు తీసుకుపోతున్న ఒక పెద్దాయన నేర్పారు. ఆయనది గేర్లు లేని నల్ల సైకిలు. క్యారియరుకు రెండు పక్కలా, పైన కూడా, చీపురు కట్టలు మనిషి ఎత్తున పేర్చి, పాత ట్యూబు పేలికలతో బిగించి కట్టారు. హ్యాండిలుకు ఒక వెదురు ముక్క అడ్డంగా కట్టి ఉంది. సరుకు వల్ల సైకిలుకు బాగా ఎడంగా నడవవలసి వస్తుంది కాబట్టి చేతికి అందడానికి ఆ ఏర్పాటు. ఒక చెయ్యి వెదురు మీద, ఒక చెయ్యి సీటు వెనక వేసి, ఒంగి తోసుకుంటూ పోతున్నారు. ఎడమకు తిరిగే హెయిర్‌పిన్ మలుపు వచ్చింది. నేను అలవాటుగా ఎడమ అంచున ఎక్కబోతుంటే ఆయన ఆగి, "లోపలేపు మెరక బాబూ, ఇటు అంచెంట రండి" అన్నారు. మలుపు లోపలి అంచు చుట్టుకొలత తక్కువ, ఎక్కే ఎత్తు మాత్రం బయటి అంచుతో సమానం. కాబట్టి లోపలి అంచున వాలు ఒక్కసారిగా రెట్టింపవుతుంది. ఎదుటి నుంచి బండి రావడం లేదని చూసుకుని, చెవి పెట్టి విని, కాస్త మధ్యకు జరిగి వెడల్పుగా తిరిగితే అదే మలుపు చదునుగా అనిపిస్తుంది. కుడికి తిరిగే మలుపుల్లో మనం ఎలాగూ బయటి అంచునే ఉంటాం కాబట్టి అక్కడ ఊపిరి పీల్చుకోవచ్చు. ఈ సంగతి తెలిసినవాడు కుడి మలుపుల్లో విశ్రాంతి తీసుకుని ఎడమ మలుపులకు సిద్ధపడతాడు.

ఏ రోడ్డు ఎవరు వేశారో తెలుసుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగనక్కరలేదు. కిలోమీటరు రాయి తలను చూస్తే చాలు. పసుపు తల జాతీయ రహదారి, ఆకుపచ్చ తల రాష్ట్ర రహదారి, నలుపు లేదా నీలం తల జిల్లా రోడ్డు, నారింజ రంగు తల ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన పల్లె రోడ్డు. కొండల్లో సైకిలు తొక్కేవాడికి ఈ రంగులు వాలు సంగతి ముందే చెబుతాయి. పసుపు రాళ్ళు ఉన్నంతసేపు వాలు హద్దులో ఉంటుందని నమ్మవచ్చు. నారింజ రాయి కనిపించిందంటే సీసాల్లో నీళ్ళు నింపుకోవాలి. ఆ రోడ్డు పాత కాలిబాట మీదనే వేసి ఉండవచ్చు. కాలిబాటలు కొండను చుట్టి వెళ్ళవు, ఎదురెక్కి వెళతాయి. పల్లె రోడ్లు బాగుండవని నేను అనడం లేదు. కోరాపుట్ జిల్లాలో నేను చూసిన అందమైన లోయలన్నీ నారింజ రాళ్ళ రోడ్ల మీదనే చూశాను. అయితే వాటి మీద రోజుకు ఎంత దూరం పోగలమో అన్న లెక్క వేరుగా వేసుకోవాలి. పసుపు రాళ్ళ రోడ్డు మీద వేసుకున్న లెక్కలో సగం చాలు.

దేవమాలి ఇందుకు మంచి ఉదాహరణ. 1,672 మీటర్లతో ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం అది. హిమాలయాల లెక్కలో ఆ అంకె చాలా చిన్నది. కానీ సెమిలిగుడ వైపు నుంచి పైకి వెళ్ళే రోడ్డు సరుకు లారీల కోసం వేసినది కాదు, పైకి వెళ్ళి సూర్యోదయం చూసి వచ్చే కార్ల కోసం వేసినది. చివరి మెలికల్లో సంచులున్న సైకిలును తొక్కుకుంటూ ఎక్కినవాళ్ళను నేను చూడలేదు. సంచులు కింద ఊళ్ళో ఎవరి ఇంట్లోనైనా పెట్టి, ఖాళీ సైకిలుతో, సగం తొక్కుతూ సగం నడుస్తూ వెళ్ళడం మర్యాదైన పద్ధతి.

దీన్ని లదాఖ్‌తో పోల్చి చూడండి. మనాలి నుంచి లేహ్ వెళ్ళే దారిలో తంగ్లంగ్ లా కనుమ ఎత్తు 5,300 మీటర్లు దాటుతుంది. దేవమాలికి మూడు రెట్లు. అయినా ప్రతి వేసవిలోనూ ఎంతోమంది మామూలు మనుషులు సంచులు కట్టుకుని దాని మీదుగా తొక్కుకుపోతారు. సరిహద్దు రోడ్ల సంస్థ ఆ దారిని సైనిక ట్రక్కుల కోసం చూసుకుంటుంది. ట్రక్కు ఎక్కాలి కాబట్టి సర్చూ దాటాక వచ్చే గాటా లూప్స్‌లో 21 హెయిర్‌పిన్ మలుపులు వేశారే తప్ప నిటారుగా ఎక్కించలేదు. అక్కడ మనిషిని అలిపించేది వాలు కాదు, గాలి. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో ఇంచుమించు సగమే. అందుకే అక్కడికి వెళ్ళేవాళ్ళు ఒంటిని ఎత్తుకు అలవాటు చేసుకుంటూ రోజుకు కొంత చొప్పున నిద్రించే ఎత్తును పెంచుకుంటారు. మా తూర్పు కనుమల్లో ఆ బాధ లేదు, ఆ గొప్ప చెప్పుకునే అవకాశమూ లేదు.

ఆల్ప్స్ పర్వతాల్లో స్టెల్వియో కనుమ మీది రోడ్డు కథ కూడా ఇదే. 1820 నుంచి 1825 మధ్య ఆస్ట్రియా సామ్రాజ్యం, తన చేతిలో ఉన్న లొంబార్డీని మిగతా రాజ్యంతో కలపడానికి, కార్లో డోనెగాని అనే ఇంజనీరు చేత దాన్ని వేయించింది. 2,757 మీటర్ల ఎత్తు, ప్రాటో వైపు 48 హెయిర్‌పిన్ మలుపులు. గుర్రపు బళ్ళు ఎక్కాలన్నది నాటి అవసరం. ఆ బళ్ళు పోయాయి, సామ్రాజ్యం పోయింది, ఆ గుర్రాల కోసం తగ్గించిన వాలు మీద ఇవాళ ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన సైకిలు యాత్రికులు ఎక్కుతున్నారు.

ఇక సైకిలు సంగతి. ఖరీదైన సైకిలు లేకపోతే కొండ ఎక్కలేమన్న భయం అనవసరం, కానీ తగిన గేరు లేకపోతే మాత్రం ఎక్కలేం. మన ఊళ్ళలో తిరిగే మామూలు నల్ల సైకిలుకు ముందు, పెడళ్ళ దగ్గర ఉన్న పళ్ళ చక్రానికి పళ్ళు 44, వెనక ఫ్రీవీలు పళ్ళు 18 అనుకుంటే, పెడలు ఒక్క చుట్టు తిరిగేసరికి సైకిలు 5.4 మీటర్లు ముందుకు పోతుంది. చదును నేల మీద అది హాయి. ఐదు శాతం వాలు మీద అది లేచి నిలబడి తొక్కినా సాగని బరువు. చీపుర్ల పెద్దాయన తోసుకుపోవడానికి కారణం సరుకు ఒక్కటే కాదు, ఈ లెక్క కూడా. అదే ముందు 30 పళ్ళు, వెనక 34 పళ్ళు ఉంటే ఒక్క చుట్టుకు 1.9 మీటర్లే. నిమిషానికి 60 చుట్లు తిప్పినా వేగం గంటకు 7 కిలోమీటర్లు దాటదు, కానీ మోకాళ్ళు నొప్పి పెట్టవు. దుకాణంలో సైకిలు కొనేటప్పుడు "ఎన్ని గేర్లు" అని అడిగి లాభం లేదు. ముందున్న అన్నిటికంటే చిన్న చక్రానికి ఎన్ని పళ్ళు, వెనకున్న అన్నిటికంటే పెద్ద చక్రానికి ఎన్ని పళ్ళు అని అడగాలి. మొదటి అంకె రెండో అంకె కంటే తక్కువ ఉంటే ఆ సైకిలు సుంకి ఎక్కుతుంది. ఇరవై ఒక్క గేర్లని అట్ట మీద రాసి ఉన్న సైకిళ్ళలో ఈ పరీక్షకు నిలవనివి ఉంటాయి.

గేర్ల విషయంలో యాత్రికులే పందెగాళ్ళకంటే ముందున్నారని చెబితే కొందరు నమ్మరు. ఫ్రాన్సులో సెయింట్ ఎతియెన్ పట్టణానికి చెందిన పాల్ ద వివీ అనే ఆయన గత శతాబ్దం మొదట్లోనే గేర్లు మార్చుకునే సైకిళ్ళతో కొండ యాత్రలు చేసి, పదిమందికీ వాటి మేలు బోధించారు. టూర్ ద ఫ్రాన్స్ పందెం 1910లో మొదటిసారి పిరనీస్ పర్వతాల్లోని 2,115 మీటర్ల టూర్మాలే కనుమ మీదుగా వెళ్ళినప్పుడు మాత్రం పందెగాళ్ళకు గేర్లు లేవు. తరవాత చాలా ఏళ్ళపాటు వాళ్ళు వెనక చక్రానికి రెండు పక్కలా వేరు వేరు పళ్ళ చక్రాలు బిగించుకుని, కొండ మొదలు కాగానే దిగి, చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకుని ఎక్కేవారు. గేరు మార్చే డిరెయిలర్‌ను ఆ పందెంలో అనుమతించింది 1937లోనే. కష్టపడడమే గొప్ప అనుకునేవాళ్ళ చేతిలో నిబంధనలు ఉంటే ఇలాగే ఉంటుంది.

మా ప్రాంతంలో కొండల యాత్ర మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పే దారి ఒక చుట్టు. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి, సెమిలిగుడ చేరి, అక్కడి నుంచి దక్షిణంగా నందపురం, పాడువ మీదుగా అరకు లోయకు వెళ్ళి, గాలికొండ ఎక్కి, అనంతగిరి ఘాట్ దిగి శృంగవరపుకోట మీదుగా విజయనగరం రావాలి. దీన్ని ఎదురు దిశలో చేయవచ్చు, చాలామంది అలాగే చేస్తారు. కానీ శృంగవరపుకోట వైపు నుంచి ఎక్కితే మైదానం నుంచి గాలికొండ దాకా మొత్తం ఎత్తు ఒకే బిగిన ఎక్కాలి. సాలూరు వైపు నుంచి వస్తే ఆ ఎక్కుడు రెండు ముక్కలవుతుంది: మొదటి రోజు సుంకి, చివర్లో 900 మీటర్ల పైన ఉన్న అరకు నుంచి గాలికొండకు మిగిలిన కాస్త. మధ్యలో ఉన్న నందపురం, పాడువల భాగం ఈ చుట్టులో ప్రాణం లాంటిది. నందపురం జయపురం రాజుల పాత రాజధాని. రోడ్డు చిన్నది, బళ్ళు తక్కువ, ఎక్కుడూ దిగుడూ చిన్న చిన్నవిగా వస్తూనే ఉంటాయి. ఆదివారం అరకులో ఉండకుండా చూసుకోవాలి, విశాఖపట్నం కార్లన్నీ ఆ రోజు అక్కడే ఉంటాయి. ఇక్కడ మరొక జాగ్రత్త: ఒడిశాలో ఉన్న సెమిలిగుడ వేరు, అరకు దగ్గర 996 మీటర్ల ఎత్తులో ఉన్న శిమిలిగుడ రైల్వే స్టేషను వేరు. ఫోనులో పటం చూసుకునేవాళ్ళు ఒకదాని బదులు మరొకదానికి దారి పెట్టుకోవడం జరుగుతూనే ఉంటుంది.

ఆ స్టేషను ఉన్న కొత్తవలస–కిరండూల్ లైనును బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించడానికి వేశారు. రైలు రెండు శాతం వాలుకే మొండికేస్తుంది కాబట్టి ఆ లైను కొండను చుట్టి చుట్టి, ఎన్నో సొరంగాలు దూరి పైకి వస్తుంది. సొరంగాల్లో సైకిలుకు చోటు లేకపోవడం ఒక్కటే విచారం.

తీరిక ఉన్నవాళ్ళు నందపురం నుంచి పడమరగా లమతాపుట్ మీదుగా మాచ్‌ఖండ్ వైపు వెళ్ళి రావచ్చు. ఆంధ్ర, ఒడిశా ప్రభుత్వాల ఉమ్మడి జలవిద్యుత్ కేంద్రం 1955లో అక్కడ పని మొదలుపెట్టింది. టర్బైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు మోసుకుపోయే బళ్ళు వెళ్ళవలసిన ప్రాజెక్టు రోడ్లు కావడంతో ఆ అడవిలో కూడా వాలు సహించదగినట్టుగానే ఉంటుంది. దుడుమ జలపాతం సుమారు 175 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. వానాకాలం వెళ్ళిన కొత్తలో చూస్తే బాగుంటుంది, వేసవిలో విద్యుత్కేంద్రం తాగగా మిగిలినదే కనిపిస్తుంది. ప్రాజెక్టు కాలనీలో తెలుగు కుటుంబాలు ఉన్నాయి, భాషకు ఇబ్బంది లేదు. ఒనకఢిల్లీ సంత గురువారం. బోండా గిరిజన స్త్రీలు కొండ దిగి వస్తారు. వాళ్ళ మొహం మీద కెమెరా పెట్టే యాత్రికులను చూసి సిగ్గుపడ్డాను. సైకిలు మీద వచ్చినవాడైనా అడగకుండా ఫొటో తీయకూడదు.

సంతలు ఈ కొండల్లో యాత్రకు క్యాలెండరు. శుక్రవారం కుందులి సంతకు వెళితే అల్లం, కూరగాయలు, చిలగడదుంపలు గుట్టలుగా ఉంటాయి, ఆ రోజు ఆ రోడ్డు మీద జీపులూ ఎక్కువే. బుధవారం రాయగడ జిల్లా చటికొన సంతకు నియమగిరి కొండల గిరిజనులైన డొంగ్రియా కొంధులు వస్తారు. సంత రోజున ఎక్కడైనా తిండి దొరుకుతుంది, మిగతా రోజుల్లో పల్లె రోడ్ల మీద మధ్యాహ్నం తరవాత ఏమీ దొరకదని అనుకుని బయలుదేరడం మంచిది. సాలూరు నుంచి కోరాపుట్ ఎత్తుకు 95 కిలోల బరువును ఎత్తడానికి ఇంచుమించు 700 కిలోజౌళ్ళ పని జరగాలి. ఒంటి సామర్థ్యం నాలుగో వంతే కాబట్టి దానికి 650 కిలోకాలరీలకు పైగా తిండి కావాలి, చదునులో తొక్కిన లెక్క వేరు. బిస్కెట్లతో ఆ లోటు పూడదు. చోడి (రాగి) అంబలి ఒక చెంబు, దానితో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ దొరికితే కడుపు బరువెక్కకుండా రెండు గంటలు గడుస్తాయి, పైగా అందులోని ఉప్పు, నీళ్ళు కింది ఉక్కలో పోయిన చెమటకు సరిపోతాయి. రాత్రి ఎక్కడ పడుకున్నా దోమతెర తప్పనిసరి. ఈ జిల్లాల్లో మలేరియా మాట ఉత్త భయపెట్టడం కాదు.

కనుమలు ఎక్కడం ఇష్టం లేనివాళ్ళకు లోయలు ఉన్నాయి. నన్నడిగితే వంశధార లోయ ఈ ప్రాంతంలో సైకిలుకు అన్నిటికంటే దయగల దారి. గుణుపురం నుంచి కాశీనగర్ మీదుగా పర్లాకిమిడి దాకా నదిని కాస్త దగ్గరగా, కాస్త దూరంగా చూస్తూ, రెండు వైపులా కొండలు కనిపిస్తూ ఉండగా, ఒక్క గేరు సైకిలుతో కూడా వెళ్ళిపోవచ్చు. పర్లాకిమిడి రాజా నౌపడ నుంచి తన పట్టణానికి 1900లో చిన్న రైలు వేయించుకున్నారు. తరవాత దాన్ని గుణుపురం దాకా పొడిగించారు. చిన్న రైలుకు చేతనైన వాలు సైకిలుకు ఎప్పుడూ సులువే, లోయలో రైలు పట్టా ఉందంటే ఆ పక్క రోడ్డు గురించి భయపడనక్కరలేదు.

పర్లాకిమిడి నుంచి ఉత్తరంగా ఆర్. ఉదయగిరి, మోహన వైపు తిరిగితే మళ్ళీ ఎక్కుడు మొదలవుతుంది. తూర్పున 1,501 మీటర్ల మహేంద్రగిరి ఆకాశం శుభ్రంగా ఉంటే కనిపిస్తుంది. మోహన దాటాక చంద్రగిరి చుట్టుపక్కల టిబెట్ శరణార్థుల పల్లెలు వస్తాయి. 1960లలో వచ్చి స్థిరపడినవాళ్ళు, మొక్కజొన్న చేల మధ్య వాళ్ళ రంగు జెండాలు ఎగురుతుంటాయి. జిరంగ్‌లో పెద్ద బౌద్ధ విహారం ఉంది. ఆ ఊళ్ళలో దొరికే తుక్పా అనే వేడి నూడుల్స్ పులుసు ముందు మన ఘాట్ టీ దుకాణాల ఉప్మా తీసికట్టే, ఈ మాటకు మా ఇంట్లో వాళ్ళు నన్ను క్షమించరు. అక్కడి నుంచి తప్తపాణి వేడినీటి ఊట మీదుగా ఘాట్ దిగితే దిగపహండి, ఆపైన బరంపురం.

దిగుడుకు ముందు ఒక పని తప్పక చేయాలి: బ్రేకు రబ్బర్లు చూసుకోవడం. ఎక్కేటప్పుడు మనం పెట్టిన 700 కిలోజౌళ్ళ లాంటి శక్తి అంతా దిగేటప్పుడు కొంత గాలికి, మిగతాది బ్రేకులకు పోతుంది. అంతా బ్రేకులకే పోతే రెండు లీటర్ల నీళ్ళను మరిగించేంత వేడి అది. రిమ్ము బ్రేకులున్నవాళ్ళు లివరును అదేపనిగా నొక్కి పట్టుకుంటే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలే ప్రమాదం ఉంది. మలుపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగా కొట్టి, వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి. వేలు ఆనించలేనంత వేడిగా రిమ్ము ఉంటే ఆగి, చల్లారనివ్వాలి. తప్తపాణి దగ్గర ఆగడానికి ఎలాగూ సాకు ఉంది.

బరంపురం స్టేషనులో సైకిలును లగేజీ వ్యానులో వేయాలంటే రైలుకు కనీసం గంటన్నర ముందు పార్సిల్ ఆఫీసుకు వెళ్ళాలి. టికెట్టు చూపించి, పెడళ్ళు విప్పి, గొలుసు మీద గోనె చుట్టి, రెండు చోట్ల పేరూ చేరే స్టేషనూ రాసిన అట్టముక్కలు కట్టండి. రాయగడకు నేరుగా వచ్చే రైలు దొరక్కపోతే విజయనగరంలో బండి మారాలి కాబట్టి అక్కడి దాకే బుక్ చేసుకుని, దించుకుని, మళ్ళీ వేసుకోవడం నయం. మారే రైలుకు సైకిలును వాళ్ళే మారుస్తారన్న హామీని మాత్రం నమ్మకండి.